జగన్నాధం కోడలి రాతపని

మా వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చారో ఆటో ఆగిన చప్పుడుని బట్టి చెప్పగలను. అలాంటిది, మూడిళ్ల అవతల జగన్నాధం కోడలు అనూరాధ రోజంతా ఏం రాస్తోందో ఏడాదిపాటు నాకు అంతుపట్టలేదు. జగన్నాధానిది శృంగవరపుకోట బజారులో విత్తనాలు, అంటు మొక్కల కొట్టు.

ఉండబట్టలేక ఒకనాడు కొట్టుకెళ్లి ఆమె పక్కనే కూర్చున్నాను. "ఏటే, పొద్దస్తమానూ ఆ కంప్యూటరు పెట్టె ముందల కూకుని ఏటి రాస్తన్నావు?"

"రైతుల వివరాలు దిద్దే ఏఐ ఏజెంటుకి పెద్దమ్మా. ఎవరు ఏ మొక్కలు కావాలన్నారు, ఎవరి ఫోన్ నంబరు మారింది, అన్నీ అదే చూసుకుంటాది. దానికి కొన్ని పనిముట్లుంటాయి. కొత్త పేరు చేర్చడానికొకటి, ఉన్నది మార్చడానికొకటి, ఒకే మనిషి రెండుసార్లు ఎక్కితే కలపడానికొకటి. ఏది ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో నేను రాసిపెట్టాలి. నేనెలా రాస్తే అదలాగే నడుస్తాది."

"ఓస్, నాలుగు ముక్కలు రాయడానికేనా డిగ్రీ సదివినావు?" అన్నాను గానీ లోపల మండింది. నేను అయిదో తరగతి దాకా చదివాను. ఫలానావాడు ఎవరి అల్లుడు, ఏ ఊరివాడు అని నలభై ఏళ్లుగా అందరూ నా అరుగు మీదికొచ్చి అడిగేవారు. ఇప్పుడు జగన్నాధం కూడా "అమ్మాయి పెట్టెలో సూస్తాదిలే" అనేస్తున్నాడు. నా మాట మనవలే వినరు. ఈ పిల్ల మాట మర కూడా వింటోంది. కళ్లు కుట్టవా మరి?

జగన్నాధమూ ఊరికే ఒప్పుకోలేదు. "ఈ తొలకరికి అందరి మొక్కలూ సరిగ్గా అందితే నీ పెట్టె ఉంటాది. తేడా వొస్తే నా కాగితం పుస్తకం నాకే, నువ్వు లోపల పని సూసుకో" అని గడువు పెట్టాడు. అనూరాధకు ఆ పనంటే ప్రాణం. పుట్టింటి నుంచి ఫోనొచ్చినా పనయ్యాకే ఎత్తుతుంది.

నేను పక్కన కూర్చున్న రోజు తెర మీద ఉన్న ముక్కను కూడబలుక్కుని చదివాను. "ఒకే ఫోన్ నంబరు మీద రెండు పేర్లుంటే ఒకే మనిషి. పేర్లు వేరుగా ఉన్నా కలిపెయ్యి. మొదటి వివరం ఉంచు." బజారువాళ్లు ఒకసారి ఇంటిపేరుతో, ఒకసారి ముద్దుపేరుతో రాయించుకుంటారు కాబట్టి అలా రాసిందట. నిజమే. కానీ విజయనగరంలో పుట్టిన పిల్లకు కొండకింది ఊళ్ల సంగతేం తెలుసు? అక్కడ సిగ్నలు అందే ఇల్లు ఒకటే ఉంటుంది. ఊరంతా ఆ ఇంటి నంబరే రాయిస్తారు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఒకసారి పడితే తెలుస్తుంది అనుకున్నాను.

మొదటి వాన కురిసిన మర్నాడే నర్సరీ నుంచి మొక్కల లారీ వచ్చింది. చూద్దామని నేనూ కొట్టు దగ్గరికి చేరాను. కొండకింది నుంచి సోములు, జగ్గమ్మ, మరో అయిదుగురు ఆటో కట్టించుకొచ్చారు. ఏడుగురికీ కలిపి నూట ఎనభై జీడిమామిడి అంటు మొక్కలు రావాలి. సోములు పేరున నలభై వచ్చాయి. మిగతా ఆరుగురి పేర్లే లేవు.

జగ్గమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "నా ముప్పై మొక్కలేవి బాబూ? నానూ సోములూ ఒక్క మనిషేనంట! మా ఆయనకి ఈ సంగతి ఎవులు సెప్తారు?"

బజారంతా నవ్వింది. సోములు నవ్వలేదు. "గోతులు తవ్వేసినాం బాబూ. తడారిపోనాక పెడితే బతకవు."

జగన్నాధం కోడలి మొహం కూడా చూడలేదు. "పుస్తకం తియ్యండి" అన్నాడు.

అనూరాధ ఏడవలేదు. నేరుగా నా దగ్గరికొచ్చింది. "పెద్దమ్మా, ఆ రోజు మీరు చదివారు. తెలిసే ఊరుకున్నారా?"

అబద్ధం నోటికి రాలేదు. "ఊరుకున్నాను. ఆ ఊరికంతటికీ సోములింటి ఫోనే. అక్కడ మనిషిని ఫోన్ని బట్టి గురుతుపట్టరే. అయ్య పేరు సెప్పాల, ఊరు సెప్పాల."

ఆ పిల్ల పెట్టె ముందుకు లాక్కుంది. అక్కడే బల్ల మీద కూర్చుని రాసి, పైకి చదివింది. "ఫోన్ నంబరు కలిసినంత మాత్రాన మనిషి ఒక్కరు కారు. ఒకే ఫోను ఊరంతా వాడొచ్చు. పేరు, తండ్రి పేరు, ఊరు, మూడూ కలిస్తేనే ఒక్కరు. ఏ ఒక్కటి తేడా ఉన్నా కలపకు. కొట్టులో మనిషిని అడుగు."

"అదీ మాట" అన్నాడు సోములు.

మర కలిపెయ్యకముందు దాచి ఉంచిన పాత జాబితా కూడా తీసింది. ఏడు పేర్లూ ఉన్నాయి. నర్సరీకి ఫోను చేస్తే మిగతా మొక్కలు తెల్లారేసరికి పంపుతామన్నారు.

జగన్నాధం మెత్తబడలేదు. నావైపు తిరిగాడు. "మరిడమ్మప్పా, పెద్దదానివి, నువ్వు సెప్పు. పెట్టె ఉంచమంటావా, తియ్యమంటావా?"

అందరి కళ్లూ నా మీదే. ఎన్నాళ్లకు! ఒక్క మాటంటే చాలు, ఆ పిల్ల వంటింట్లోకి పోతుంది. కానీ నలభై ఏళ్లుగా నాకు తెలిసిన సంగతిని ఆమె అయిదు ముక్కల్లో ఎంత తేటగా పెట్టింది! నేను చెబితే మధ్యలో అల్లుళ్లూ మేనకోడళ్లూ దూరి సాయంత్రమయ్యేది. అదే మరీ మండింది.

"ఉంచు" అన్నాను. "తప్పు రాసింది గానీ దిద్దుకోడం వొచ్చు దానికి. నీకదీ రాదు."

మర్నాడు మొక్కలొచ్చాయి. అనూరాధ పెట్టె ముందే ఉంది.

నేను మాత్రం ఉంచమని చెప్పిన పూట ఇంటికొచ్చి, పులుసు ఎలా ఉందని మా కోడలు అడిగితే ఉప్పెక్కువైందన్నాను. అప్పటికింకా అన్నంలో కలుపుకోనే లేదు.