ఒక్క డిస్కులో పట్టిన పెళ్లి

మొన్న నాగర్‌కర్నూల్‌లో మా ఆడబిడ్డ కూతురి పెళ్లికి వెళితే, వీడియో తీసినతను మూడు రోజుల వేడుకనంతా వేలెడంత పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాడు. ఏమీ తీసెయ్యలేదా నాయనా అని అడిగితే, ఎందుకు తియ్యాలన్నట్టు చూశాడు. ఆ చూపుతో నాకు వనపర్తిలో నేను పనిచేసిన స్టూడియో, దాని యజమాని భార్య, మేమంతా భాభీ అని పిలుచుకున్న ఆవిడ గుర్తుకొచ్చారు.

అవి డీవీడీలు కొత్తగా వచ్చిన రోజులు. మీ ఇళ్లలోనూ పెళ్లి క్యాసెట్లు బీరువాల్లో బూజుపడుతుండేవి కదా, వాటిని డిస్కుల్లోకి ఎక్కించడమే మా పని. యజమాని, అంటే మా భాయ్, కెమెరా పట్టుకొని కొల్లాపూర్, బిజినేపల్లి పెళ్లిళ్లకు తిరుగుతుంటే, కంప్యూటర్ ముందు భాభీ, నేను కూర్చునేవాళ్లం. ఒక డిస్కులో రెండు గంటలైతే బొమ్మ శుభ్రంగా పట్టేది. అంతకు మించి కుక్కితే మొహాలు గళ్లు గళ్లుగా విరిగిపోయేవి.

ఒకసారి గద్వాల నుంచి చీరలు నేసే పెద్దాయన ఒకరు, ఎప్పుడో భాయ్ తీసిన తన తమ్ముడి కూతురి పెళ్లి క్యాసెట్ తెచ్చి, అంతా ఒక్క డిస్కులోనే రావాలన్నారు. రెండు ముక్కలైతే కొడుకులు ఒకటి యాడ్నో పడేస్తరట. చూస్తే అది రెండున్నర గంటలు. భాభీ ఆ వారం ఊళ్లో లేరు. ఎవరో తింటుంటే ఎవరు చూస్తారులే అని, నేను నా తెలివికొద్దీ భోజనాల అరగంటా కోసేసి ఇచ్చి పంపాను.

నాలుగు రోజులకు ఆయన క్యాసెట్ పట్టుకొని మళ్లీ బస్సెక్కి వచ్చారు. కోపమేమీ లేదు.

"బిడ్డా, మా ఇంటామె యాడ కనవడ్తలేదు," అన్నారు.

ఆవిడ పెళ్లి పీటల వైపే రాలేదట, పంక్తుల్లో వడ్డిస్తూనే ఉండిపోయిందట. మరుసటేడే కాలం చేసింది. ఆమె నడిచేది, నవ్వేది ఉన్నది ఆ ఒక్క క్యాసెట్లోనే. అదేమో బూజుపట్టి, ఇంకోసారి తిరుగుతుందో లేదో తెలియని స్థితిలో ఉంది.

అప్పటికి తిరిగొచ్చిన భాభీ, "పరేషాన్ గాకు బిడ్డా, జర కూసో, మొత్తం సూద్దాం," అని క్యాసెట్ విప్పి, రీలును దూదితో మెల్లమెల్లగా తుడిచి, మొదటి నుంచి పెట్టారు. ఎక్కడా ముందుకు ఉరికించలేదు. రెండు గంటల తర్వాత, కొంగు నడుముకు దోపుకొని, ఎవరినో బతిమాలి ఇంకో గరిటె వేసి, కెమెరాను చూసి సిగ్గుతో మొహం తిప్పుకున్న ఆవిడ కనబడింది. "గామెనే, గామెనే," అంటూ పెద్దాయన తెర దగ్గరికి జరిగారు.

అరగంట ఎక్కడి నుంచి తేవాలి? భాయ్ ఎంతో ముచ్చటపడి చేర్చిన స్టూడియో పేరు, ఎగిరే పూలు, గుండె గుర్తుల్లో వధూవరులు, పాట మీద పాట, అన్నీ భాభీ కోసేశారు. భాయ్ ఏమంటారో అన్నాను భయంగా.

"ఏమంటడు? మన పూలు సూడనీకె వచ్చిండా ఈయన?"

అప్పటికీ ఇంకా పది నిమిషాలు ఎక్కువైతే, ఊరేగింపులో చీకటిగా ఉన్న చోట నాణ్యత తగ్గించి, వడ్డన దగ్గర మాత్రం చెక్కుచెదరకుండా ఉంచారు. అదే డిస్కుకు నకలు చేయించుకొని, కొడుకులకు చెరొకటి పట్టుకొని ఆయన వెళ్లిపోయారు. భాయ్ అది చూసిన తర్వాత, ఆయన వీడియోల్లో పూలు తగ్గాయి.

ఇప్పుడా స్టూడియో లేదు, భాయ్ లేరు, భాభీ రాయచూరులో కూతురి దగ్గర ఉంటున్నారని విన్నాను. దేన్నీ కొయ్యాల్సిన అవసరం లేని కాలం వచ్చింది, మంచిదే. నేనే, ఎవరు ఏ వీడియో పంపినా నాలుగు క్షణాలు చూసి వేలితో ముందుకు జరిపేస్తున్నాను, మధ్యలో ఎవరెవరు దాటిపోతున్నారో చూడకుండానే.