బాలింత గది గోడలో కంత

పోలీసు చర్య జరిగిన సెప్టెంబరులో, సీతాఫల్‌మండిలోని అమ్మమ్మ ఇంట్లో మా అమ్మ మగపిల్లాణ్ణి కన్నది. అప్పటికి నాకు పదేళ్ళు. యూనియన్ సైన్యం వస్తోందని బజారంతా తలుపులు బిగించుకుంది. బొగ్గుల దుకాణం మూశారు. ఇంట్లో ఉన్నది అరబస్తా. బాలింత గదిలో కుంపటి ఆరకూడదని అమ్మమ్మ శాసనం. బయట రాజ్యం మారినా ఆమె పద్ధతి మారదు.

ఉన్న బొగ్గులతోనే నెట్టుకు రావాలంటే వేడి బయటికి పోకూడదు. అదేమో గూనపెంకుల ఇల్లు, ఎటు చూసినా సందులే. వాటిని దేనితో మూయాలన్నదే ఇంట్లో పెద్ద చర్చ. గడ్డి కుక్కుదామంటే పురుగూ పుట్రా చేరతాయని అమ్మమ్మ వద్దంది. గోనెసంచులు కట్టి చూశాం. గాలి దర్జాగా వచ్చిపోయింది. మట్టి మెత్తితే ఆ ముసురుకు ఆరక జారిపడింది. చివరికి పాత బొంత చింపి దూది కూరితే గాని గది వెచ్చబడలేదు. చిన్న చేతులు నావి కాబట్టి ఆ పని నాకే పడింది.

బిడ్డను చూడవచ్చిన మంత్రసాని గోడలో పైన ఉన్న కంత చూపించింది. "గా కంతొక్కటి మూయకుండ్రి. బొగ్గుల గాలి బయటికి పోవాలె," అంది. అమ్మమ్మా నేనూ ఇద్దరం విన్నాం.

మూడో రోజు పొద్దున నీళ్ళు పోశాక తమ్ముడు తుమ్మాడు. కంతలోంచి జల్లు కొడుతోంది. అమ్మ నిద్రపోతోంది, అమ్మమ్మ వంటింట్లో ఉంది. ఎవరేం చెప్పినా నాది రెండాకులు ఎక్కువ చదివిన వరస. ట్రంకుపెట్టె ఎక్కి, మిగిలిన దూదంతా ఆ కంతలో కుక్కి, తలుపు గట్టిగా వేసి వచ్చాను. ఎంత బాగా మూశానో అని మురిసిపోయాను కూడా.

మధ్యాహ్నం గంజి పట్టుకొచ్చి అమ్మమ్మ తలుపు తీసింది. అమ్మను వాకిట్లోకి ఈడ్చుకొస్తే వాంతి చేసుకుని కళ్ళు తెరిచింది. తమ్ముడు తెరవలేదు.

అమ్మ తేరుకున్నాక అడిగిన మొదటి మాట, "గా కంత ఎవరు మూసిన్రు?"

అమ్మమ్మ నా వైపు చూడనైనా లేదు. "నేనే బిడ్డా. జల్లు కొడుతుందని మూసిన. నా బుద్ధి గడ్డి తిన్నది," అంది.

సైన్యం లారీలు వచ్చాయి, పోయాయి. బతికి బయటపడ్డామని వాడంతా ఊపిరి పీల్చుకుంది. అమ్మ మాత్రం ఆ రోజు నుంచి కన్నతల్లితో మాట మానేసింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఎన్నో ఏళ్ళకు అమ్మమ్మ చివరి ఘడియల్లో కబురు పెడితే కూడా తను రాలేదు, నన్ను పంపింది.

"అమ్మకు ఇప్పుడన్నా నిజం చెప్తా," అని ఏడ్చాను.

"చెప్పకు. దానికి నువ్వొక్కదానివే మిగిలినవ్," అంది అమ్మమ్మ.

ఆ మాట నాకు బాగా అక్కరకొచ్చింది. అమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు.