లిన్ పరీక్ష రాయకుండా ఆపింది నేనే

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. మా ఆయనకు చెప్పలేదు. ఫోన్లో రోజూ మాట్లాడే అక్కకూ చెప్పలేదు. ఇక్కడ సెలవు శుక్రవారమే కనుక చర్చి ఆరాధన కూడా ఆ రోజే; ఒకసారి అక్కడ సాక్ష్యం చెబుదామని లేచి నిలబడ్డాను కూడా. అందరూ నా వైపు చూశారు. వీసా రెన్యూవల్ అయినందుకు దేవునికి స్తోత్రం అని చెప్పి కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఒక పిల్ల భవిష్యత్తుకు అడ్డుపడ్డాను. తెలిసే అడ్డుపడ్డాను. ఆ పిల్ల వెళ్లిపోతే నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరని.

మా ఆయన మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. నేను నరసాపురం దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. పెళ్లయ్యాక ఉద్యోగం మానేసి ఆయనతో మస్కట్ పక్కనే ఉన్న సీబ్ వచ్చేశాను. ఆయనకు నైట్ డ్యూటీలు ఎక్కువ. పగలంతా కర్టెన్లు మూసి పడుకునేవారు. విజిల్ వస్తే లేస్తారని కుక్కర్ పక్కన పెట్టేసి గిన్నెలో అన్నం వార్చేదాన్ని. టీవీలో బొమ్మలు కదిలేవి, శబ్దం ఉండేది కాదు. కారు లేనిదే ఎక్కడికీ కదలలేని ఊరు, నాకేమో డ్రైవింగ్ రాదు. నోట్లోంచి ఒక్క మాట రాకుండానే సాయంత్రమైపోయిన రోజులు ఎన్నో ఉన్నాయి. అప్పుడప్పుడు గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి వంటింట్లో పాత పాఠమేదో చెప్పుకునేదాన్ని. నవ్వుకోండి, పరవాలేదు.

అలా ఉండగా మా వీధి చివరి విల్లాలోకి ఒక చైనా కుటుంబం వచ్చింది. తండ్రి ఇంజనీరు, వారాల తరబడి ఎక్కడో దూరాన దుక్మ్ వైపు సైట్లోనే ఉండేవాడు. తల్లికి చైనీస్ తప్ప ఇంకో భాష రాదు. ఒక్కతే కూతురు, లిన్. మన పదో తరగతి వయసు. మలేసియాలో ఒక స్కూల్లో సీటు కోసం ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. తన ప్రాణస్నేహితురాలు అప్పటికే ఆ స్కూల్లో చేరింది. సీటు రాకపోతే లిన్ చైనా వెళ్లిపోవాలి. అక్కడి చదువు మధ్యలో వదిలేసి వచ్చింది కనుక తనకన్నా చిన్నపిల్లల క్లాసులో కూర్చోవాలి. ఇదంతా నేను వాళ్లింటికి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లిన మొదటి రోజే ఆ పిల్ల నాకు చెప్పింది. తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు.

రాయడం తనకు బాగానే వచ్చు. మాట్లాడటమే భయం. ఆ పరీక్షలో ఒక కార్డు ఇస్తారు. దాని మీదున్న విషయం గురించి కాసేపు ఆలోచించుకుని ఆగకుండా మాట్లాడాలి. లిన్ ఏ కార్డు ఇచ్చినా, 'సమాజం వేగంగా అభివృద్ధి చెందుతున్న ఈ రోజుల్లో' అని మొదలుపెట్టేది. వాళ్ల స్కూల్లో బట్టీ పట్టించిన వాక్యమట. నీకు నచ్చిన వంటకం ఏమిటంటే కూడా సమాజం అభివృద్ధి చెందాల్సిందే. ఒకరోజు ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ రోజు నుంచి ఆ వాక్యం పోయింది, పిల్ల గొంతు బయటికొచ్చింది. కోళ్లను పేర్లు పెట్టి తిట్టే వాళ్ల అమ్మమ్మ గురించి, స్నేహితురాలితో కలిసి వానలో తడిసి తన్నులు తిన్న రోజు గురించి ఆపకుండా చెప్పేది. తను అయిపోగానే, "ఇప్పుడు మీరు చెప్పండి, టీచర్" అని కార్డు నాకిచ్చేది.

నేనూ చెప్పేదాన్ని. మా గోదావరి గురించి, నా క్లాసు పిల్లల గురించి. కడుపులోనే పోయిన నా బిడ్డ గురించి కూడా ఒక కార్డుకు జవాబుగా ఆ పిల్లకే చెప్పాను. ఆ విషయం మా ఆయనతో కూడా అంతసేపు మాట్లాడలేదు. చదువు చెప్పడానికి వెళ్లినదాన్ని, ఎప్పటి నుంచి మాట్లాడటానికి వెళ్తున్నానో నాకే తెలియలేదు. తెలియలేదా? తెలుసు. పొద్దున్న లేవగానే ఈ రోజు క్లాసుందా లేదా అని చూసుకునేదాన్ని.

ఒకసారి లిన్ మా ఇంటికొచ్చి నాతో మాట్లాడి వెళ్తే, మా ఆయన విని నన్ను ఎగతాళి చేశారు. "ఆ పిల్ల నీకంటే బాగా మాట్లాడేస్తుంది కదే! ఇంకా నువ్వేం నేర్పుతావు దానికి?" నేను నవ్వాను. లోపల మాత్రం, ఇక ఆ పిల్లకు నా అవసరం లేదు కదా అనుకున్నాను.

పరీక్షకు పేరు ఇవ్వాల్సిన గడువు వచ్చింది. ఆ సాయంత్రం తల్లి ఎప్పటిలాగే నాకు గ్లాసుడు వేడినీళ్లు, కోసిన పళ్లు పెట్టి ఎదురుగా కూర్చుంది. కూతురితో ఏదో అంది. లిన్ నా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది.

"ఈసారి పరీక్ష రాయొచ్చా అని అమ్మ అడుగుతోంది, టీచర్."

"నువ్వేమనుకుంటున్నావు?"

"రాయగలననే అనిపిస్తోంది. కానీ అమ్మానాన్నా మీ మాటే వింటారు."

"ఇప్పుడే వద్దు. ఇంకొంచెం ప్రాక్టీసు కావాలి. అమ్మకు చెప్పు."

లిన్ తల్లి వైపు తిరిగింది. నా మాట చైనీస్‌లో చెప్పింది. తల్లి ముఖం వాడిపోయింది. అయినా లేచి వచ్చి, నిజం చెప్పినందుకో ఏమో, నా చేయి రెండు చేతులతో పట్టుకుంది.

నన్ను ఇన్నేళ్లుగా తినేస్తున్నది ఇదే. నాకు చైనీస్ రాదు, ఆ తల్లికి ఇంగ్లీషు రాదు. టీచర్ రాయమంటోందని ఆ పిల్ల చెప్పేస్తే పట్టుకునేవాళ్లెవరు? నా అబద్ధాన్ని తన నోటితో మార్చేసే వీలు తన చేతిలోనే ఉంది. మార్చలేదు. నేనన్నది అన్నట్టు చెప్పింది. టీచర్ మాట కదా.

తర్వాత నన్ను నేను ఎంత సమర్థించుకున్నానో! మా వైపు పిల్లల్ని మొహం మీద మెచ్చుకోరు. మెచ్చుకుంటే దిష్టి తగులుతుందంటారు, పొగరెక్కుతుందంటారు. మా మాస్టార్లు క్లాసు ఫస్టు వచ్చినా ఇంకా చదవాలనే అనేవారు. నేనూ అదే అన్నానని అనుకున్నాను. కానీ మా మాస్టార్లు ఆ మాట అంటూనే మమ్మల్ని పరీక్షకు పంపేవారు. నేను ఆపాను.

తర్వాతి పరీక్షలో లిన్ పాసయింది. అప్పటికి ఆ స్కూల్లో సీట్లు నిండిపోయాయి. తల్లీకూతుళ్లు చైనా వెళ్లిపోయారు. ఎయిర్‌పోర్టు మా ఇంటికి దగ్గరే. తలనొప్పి అని చెప్పి నేను వెళ్లలేదు. అంత చేసి నేను దక్కించుకున్నది నాలుగు నెలల కబుర్లు. ఆ తర్వాత మళ్లీ అదే ఇల్లు, అవే కర్టెన్లు.

మొన్న లిన్ మెసేజ్ పెట్టింది. వాళ్ల ఊరి దగ్గర కాలేజీలో చదువుతోందట. విదేశీ అతిథులు వస్తున్నారని, ఇంగ్లీషులో స్వాగతం చెప్పమని తనను అడిగారట. వద్దందట. 'నా ఇంగ్లీషు సంగతి మీకు తెలుసు కదా, టీచర్. మీరొక్కరే నాకు నిజం చెప్పారు' అని రాసింది. పక్కన నవ్వు ముఖం పెట్టింది.

సీటు ఒక్కటే పోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. వానలో తడిసిన కథ ఆపకుండా చెప్పిన ఆ గొంతును కూడా నేనే నొక్కేశానని మొన్ననే అర్థమైంది. జవాబు చాలాసేపు రాశాను, చెరిపాను. చివరికి 'బాగా చదువుకో' అని పంపాను. చూశారా, మళ్లీ అదే చేశాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. తనకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. ఇప్పటికి మీతోనైనా నోరు తెరిచి అంటున్నాను. కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ పిల్ల ఇంగ్లీషు బాగుంది. ఆ రోజే బాగుంది. నాకు తెలుసు.