నూనె అయిపోయిన పెండ్లికొడుకు

మస్కట్ నుంచి సలాలాకు పోయే ఎడారి దారి ఇంకా ఒంటి రోడ్డుగా ఉన్న ఆ కాలంలో మాకు ఓపిక ఎక్కువ ఉండేదో, తెలివి తక్కువ ఉండేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఓపిక ఆత్మఫలాల్లో ఒకటి అని ఆదివారపు బడిలో కంఠస్థం చేసినవాణ్నే. కానీ ఆ ఫలం నాలో ఎంత పండిందో చూడటానికి దేవుడు ఎంచుకున్న పరీక్ష ఒక పాత పెట్రోలు కారవాన్ అనీ, పరీక్షాధికారి మా మావయ్య అనీ అప్పుడు తెలియదు. అప్పటికి నాకు పెళ్లీడు. మస్కట్‌లోనే బౌషర్‌లో ఒక హాస్పిటల్ ల్యాబులో పని. ఆ ఉద్యోగం ఇప్పించింది మావయ్యే. మా అమ్మకు తమ్ముడు, అదే హాస్పిటల్లో మందుల స్టోరు చూసేవాడు, మా తెలుగు సంఘానికి పెద్ద. స్టోరులో ఒక్క దూది ఉండ కూడా ఆయన కళ్లు గప్పి బయటికి పోయేది కాదు.

ఆ కారవాన్ కథ వేరే. ఎవరో తెల్ల డాక్టరు సొంత దేశం వెళ్లిపోతూ, తనకు జబ్బు చేసినప్పుడు అత్తయ్య చేసిన సేవకు గుర్తుగా దాన్ని మావయ్య పేర రాసి వెళ్లాడు. లోపల మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్, నెత్తిన ఏసీ, వెనక పెట్టెలో జనరేటర్. సంఘమంతా దాన్ని 'ఓడ' అనేది. (నోవహు ఓడకు ఇంజను లేదు కాబట్టి ఆయన ధన్యుడు.) మా ఓడ పెట్రోలు తాగే తీరు చూసి మావయ్య ఒక్క వారంలోనే చిక్కిపోయాడు. ఆ తర్వాత ఆయన జీవితంలో రెండే విషయాలు మిగిలాయి. ఒకటి రక్షణ, రెండోది మైలేజీ.

సరిగ్గా ఆ సమయంలోనే నాకు సలాలా సంబంధం కుదిరింది. అమ్మాయి అక్కడి హాస్పిటల్లో స్టాఫ్ నర్సు. వాళ్ల నాన్న రిటైరైన బడిపంతులు, విజిట్ వీసా మీద కూతురి దగ్గరికి వచ్చి ఉన్నారు. శుక్రవారం సాయంత్రం విమానానికి ఆయన వెనక్కి వెళ్లిపోవాలి. ఆ మధ్యాహ్నం మూడింటికి ప్రార్థన చేసి, ఉంగరం తొడిగి, మాట ఖాయం చేసుకోవాలని ఏర్పాటు. ఫోనులో ఆయన మెల్లగానే అన్నారు గానీ నాకు మాత్రం బెత్తం చప్పుడు వినిపించింది. "బాబూ, టైముకి రాని పిల్లల్ని నేను గుమ్మం బయటే నిలబెట్టేవాణ్ని. తాడేపల్లిగూడెం వాళ్లు కూడా అడుగుతున్నారు. నేను ఊరు దిగేలోపు సంగతి తేలిపోవాలి." అమ్మాయి నాకు నచ్చింది. ఎంత నచ్చిందో ఇక్కడ రాస్తే ఆవిడ చదువుతుంది కనుక వదిలేస్తున్నాను.

విమానంలో పోదామంటే మావయ్య వినలేదు. "ఓడ ఉండగా విమానమెందుకురా అబ్బాయ్? పాస్టరు గారు, అత్తయ్య, నువ్వు, నేను. వంట కూడా అత్తయ్య దారిలోనే చేసేస్తుంది." అని ఊరుకుంటే బాగుండేది. బయలుదేరే రోజు పొద్దున్నే నేను వెళ్లేసరికి ఓడను సగం విప్పేసి ఉన్నాడు. నెత్తిన ఉన్న సామాను పెట్టె కింద ఉంది, ఎండకు పరిచే గుడారం గుడ్డ కింద ఉంది, వెనక నిచ్చెన కింద ఉంది. నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి ఆ నీళ్లతో వీధిలో వేపమొక్కను ముంచేశాడు. చివరికి గ్యాసు బండ కూడా దించేశాడు. "బరువే మైలేజీకి శత్రువురా" అన్నాడు, పాపం గురించి చెప్పేంత గంభీరంగా. "బండ లేకపోతే బిర్యానీ నీ నెత్తిన వండనా?" అని అత్తయ్య అడిగింది. ఆవిడ వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు, డాక్టర్లే ఆవిడ ముందు గొంతు తగ్గించేవారు. మావయ్య మాత్రం తగ్గించలేదు. "కరెంటు కుక్కరుంది, కరెంటుకి జనరేటరుంది. ఇంజన్ వేరు, జనరేటర్ వేరు. ఆ మాత్రం తెలియదా?"

బయలుదేరాక నియమాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ముందు ఏసీ వేయకూడదు, అది ఇంజను రక్తం తాగుతుందట. వెనక ఏసీ మాత్రం ఎంతైనా వేసుకోవచ్చు, అది జనరేటరుది కనుక. ఎనభై దాటకూడదు. యాక్సిలరేటరు మీద కాలు, మందిరంలో పసిపాప నిద్రపోతుంటే పక్కన నడిచినట్టు వేయాలి. ఆయన పక్క సీట్లో కూర్చుని రోడ్డు చూడలేదు, నా కాలినే చూస్తూ కూర్చున్నాడు. "తొక్కుతున్నావ్, తొక్కుతున్నావ్. నీ చెప్పు వంగింది, నేను చూశాను." అన్నిటికంటే ఘోరమైన నియమం, ట్యాంకు సగానికి మించి నింపకూడదు. నిండు ట్యాంకు మోయడానికే బోలెడు పెట్రోలు ఖర్చవుతుందని ఆయన లెక్క. ఆ ముందు శుక్రవారం ఆరాధనలోనే (అక్కడ సెలవు ఆ రోజే) పాస్టరు గారు పదిమంది కన్యకల ఉపమానం చెప్పారు. సిద్దెల్లో నూనె తీసుకెళ్లనివాళ్లు దీపాలారిపోయి, పెండ్లికొడుకు వచ్చే వేళకు మూసిన తలుపు బయటే ఉండిపోయారని విని, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మావయ్యే.

ప్రార్థన సంగతి కూడా చెప్పాలి. మా సంఘంలో బండి కదిలేముందు ప్రార్థన లేకుండా కదలదు. ఇంటి దగ్గర, బంకు దగ్గర, టీ కోసం ఆగి మళ్లీ ఎక్కిన ప్రతిచోటా. పాస్టరు గారి ప్రయాణ ప్రార్థన సుల్తానుతో మొదలై, ఆసుపత్రుల్లోని రోగులు, సైట్లలోని కూలీలు, విమానాలు నడిపేవారు, దారిలో ఒంటెల మీదుగా వచ్చి చివరికి మా టైర్ల దగ్గర ఆగేది. ప్రార్థన తప్పని నేననను, ఈ రోజుకీ చేయకుండా బండి తీయను. నా బాధల్లా ఆ సేపంతా ఇంజను ఆడుతూనే ఉండటం. "ఆపి ప్రార్థన చేద్దాం మావయ్యా" అంటే, "పిచ్చివాడా, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తేనే ఎక్కువ తాగుతుంది" అనేవాడు. నేను స్టీరింగు పట్టుకుని కళ్లు మూసుకుని, ఒక చెవితో దైవజనుణ్ని, ఒక చెవితో ఇంజనునీ వినేవాణ్ని.

గురువారం సాయంత్రం, సగం దారిలో ఉండే హైమా ఊరు చేరేముందు వెనక జనరేటరు దానంతటదే ఆగిపోయింది. ఏసీ ఆగింది, ఫ్రిజ్ ఆగింది. "అలిసిపోయింది పాపం" అన్నాడు మావయ్య. రాత్రికి హైమాలో ఆగాం. పొద్దున్నే ఎండ టైర్లకు తగలకముందే లేచి, జేబులో గేజీతో ఒక్కొక్క టైరుకూ గాలి చూశాడు. సగం ట్యాంకు పెట్రోలు కొట్టించాడు. జనరేటరు మళ్లీ బుద్ధిగా స్టార్టయింది. "చూశావా, విశ్రాంతి ఇస్తే దానికీ బలమొస్తుంది" అని విశ్రాంతి దినం మీద చిన్న ప్రసంగం కూడా చేశాడు.  అత్తయ్య కుక్కర్లో బాసుమతి బియ్యం కడిగి పోసింది.

శుక్రవారం గాలి లేచింది. సలాలాకు చినుకులు తెచ్చే ఆ వానకాలపు గాలే, ఇటు ఎడారిలోకి వచ్చేసరికి ఇసుకై, నిప్పై, సరిగ్గా మా ముఖాన కొట్టడం మొదలుపెట్టింది. మా ఓడ ముందుభాగం నిలువు గోడ. ఆ గాలికెదురుగా దాన్ని నడపడమంటే గోడను భుజాన వేసుకుని ఏరు ఈదినట్టే ఉంది. నేను తొక్కకపోతే బండి పోదు, తొక్కితే మావయ్య ఊరుకోడు. లారీలు, కార్లు, చివరికి ఒంటెలు ఎక్కించుకున్న ఒక పికప్ కూడా మమ్మల్ని దాటిపోయాయి. వాటిలో ఒక ఒంటె వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. అంతలో అమ్మాయి ఫోను. "ఎక్కడున్నారండీ? నాన్న సూట్‌కేసు సర్దేసి వాచీ చూసుకుంటున్నారు." "వచ్చేస్తున్నాం" అన్నాను. సిగ్నలు పోయింది.

అప్పుడే జనరేటరు మళ్లీ ఆగింది. ఈసారి అత్తయ్య లేచి ముందుకొచ్చి, మా ఇద్దరి సీట్ల మధ్య నిలబడి, పెట్రోలు ముల్లు వైపు చూసింది.

"ఏవండీ, నిన్న కూడా ముల్లు ఇక్కడికొచ్చినప్పుడే ఆగింది."

"అయితే?"

"అయితే ఏముంది, ఒకే సెలైన్ బాటిల్‌కి రెండు లైన్లు పెట్టారు. ఇటు ఇంజను తాగుతోంది, అటు నా కుక్కరు తాగుతోంది. మీరు ముందు చుక్క చుక్క మిగులుస్తున్నారు, మేం వెనక గ్లాసులతో తాగుతున్నాం. పావు వంతుకొచ్చేసరికి బండికైనా మిగలాలని జనరేటరే నోరు మూసుకుంటోంది. దానికున్న జ్ఞానం కూడా లేదు మనకి."

మావయ్య ముఖం చూడాలి. మూడు రోజులు ఉపవాసముండి, ఆ మూడు రోజులూ నిద్రలో లేచి తినేశావని చెబితే మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. కానీ సంఘపెద్ద అంత త్వరగా ఒప్పుకోడు. "ముల్లు అబద్ధమాడుతుంది. నా లెక్క ఆడదు" అన్నాడు. ఇంతలో బంకు కనిపించింది. సలాలా చల్లదనానికి పోయే జనమంతా అక్కడే ఉన్నట్టుంది, కార్లు రోడ్డు దాకా వరుస కట్టాయి. "ఆగండి" అంది అత్తయ్య. "ఆగుదాం మావయ్యా" అన్నాను. "ఆ వరుసలో ఇంజను ఆడిస్తూ నిలబడటమంత వృథా ఇంకోటి లేదు. తర్వాత బంకు దాకా నా లెక్క ప్రకారం హాయిగా వస్తుంది. పోనీయ్!" అన్నాడు. పాస్టరు గారు కూడా ఆ మాటకు తలూపారు. ముగ్గురు పెద్దల్లో ఇద్దరు అటుంటే నేనేం చేస్తాను? పోనిచ్చాను.

తర్వాత బంకు రాకముందే ఓడ రెండుసార్లు దగ్గి, ఒకసారి నిట్టూర్చి, రోడ్డు పక్కకు ఒరిగి ఆగింది. చుట్టూ చెట్టు లేదు, ఇల్లు లేదు, సిగ్నలు లేదు. గాలి ఒక్కటే ఉంది. అది బయటి నుంచి మమ్మల్ని ఊపుతోంది. సలాలాలో ఒక పంతులు గారి వాచీ నడుస్తోంది. నా పెళ్లి తాడేపల్లిగూడెం వైపు నడిచి వెళ్లిపోవడం నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. "దిగులుపడకురా అల్లుడూ, ఇంతదాకా వచ్చిన మైలేజీ మాత్రం…" అని మావయ్య ఏదో చెప్పబోతే అత్తయ్య చూసిన చూపుకి ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది.

మా నలుగురి ప్రార్థనా ఆ ఎడారిలో పైకి చేరిందనే నా నమ్మకం. ఎందుకంటే కాసేపటికి ఒక కంపెనీ పికప్ మమ్మల్ని దాటిపోయి, మళ్లీ రివర్సులో వెనక్కి వచ్చింది. ఇద్దరు మనవాళ్లే దిగారు, జగిత్యాల వైపు వాళ్లు, సైటుకి పోతున్నారు.

"ఏమైందన్నా? టైరు పల్గిందా?"

"కాదు తమ్ముడూ. పెట్రోలు అయిపోయింది."

ఆ తమ్ముడు ఓడను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. "గింత పెద్ద ఇల్లును గుంజుకపోతున్నరు, అండ్ల జర్రంత పెట్రోల్ పోస్కోరాదే?"

"బరువవుతుందని" అన్నాను. 

రెండోవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు మాత్రం ఎగిరిపడుతున్నాయి. అయినా సైటులో మిషను కోసం తీసుకెళ్తున్న క్యాను దించి, మా ట్యాంకులో పోశారు. డబ్బు తీసుకోలేదు. "లగ్గానికి పోతున్నరంట, పైసలెట్ల తీస్కుంటమమ్మా?" అన్నారు. అత్తయ్య వాళ్లకు బిర్యానీ పెట్టబోతే, మూత తీసి చూసి, "అమ్మా, బియ్యం ఇంకా పలుకున్నయ్" అన్నారు. చివరికి జంతికలు తీసుకున్నారు.

ఇంజను స్టార్టయింది. అప్పుడు పాస్టరు గారు చేతులు పైకెత్తారు. మావయ్య కళ్లు మూసుకున్నాడు. ఆ ఇద్దరు తమ్ముళ్లు కూడా మర్యాదగా టోపీలు తీసి నిలబడ్డారు. ప్రార్థన సుల్తానుతో మొదలైంది. రోగులు వచ్చారు, కూలీలు వచ్చారు, ఈ ఇద్దరి ఊళ్లూ, వాళ్ల పిల్లలూ వచ్చారు. ఇంజను ఆడుతోంది. ఆ తమ్ముళ్లు దయతో పోసిన పెట్రోలు నా కళ్లముందే ప్రార్థనలో కలిసి ఆవిరైపోతోంది. విమానాలు నడిపేవారి దగ్గరికి వచ్చేసరికి, అందులో నాకు కాబోయే మామగారి విమానం కూడా ఉందని గుర్తొచ్చి, నా లోపల ఏదో తెగింది.

"ఆమెన్!" అని అరిచాను.

అలవాటు ఎంత బలమైనదంటే, అత్తయ్య ఆమెన్ అంది, మావయ్య ఆమెన్ అన్నాడు, ఆ తమ్ముళ్లు కూడా ఏదో అన్నారు. పాస్టరు గారు ఒంటెల దాకా కూడా రాకుండానే కళ్లు తెరిచి, అయోమయంగా చుట్టూ చూసి, తానూ ఆమెన్ అన్నారు. అప్పటికే నేను గేరు వేసేశాను. నా జీవితంలో నేను చేసిన అతి చిన్న ప్రార్థన అది. అంత మనస్ఫూర్తిగా మాత్రం ఇంకెప్పుడూ చేయలేదు.

తర్వాత బంకులో ట్యాంకు పొర్లేదాకా పోయించాను. మావయ్య ముల్లు వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తుమ్రైత్ దాటి కొండ దిగుతుంటే పొగమంచు కమ్మి, అద్దం మీద చినుకులు పడ్డాయి. అంత వేడిలోంచి అంత చల్లదనంలోకి వచ్చేసరికి నలుగురం కిటికీల్లోంచి చేతులు బయటపెట్టాం. కాసేపటికి మావయ్య మెల్లగా, "ఇక ఏసీలతో పని లేదు కదరా" అన్నాడు, ఆశగా.

మేం చేరేసరికి మూడు ఎప్పుడో దాటింది. పంతులు గారు బూట్లు వేసుకుని, సూట్‌కేసు పక్కన పెట్టుకుని, గుమ్మం బయట నిలబడి ఉన్నారు. ఆయన వెనక తలుపు సందులోంచి ఒక జత కళ్లు మాత్రం కనిపించాయి, ఎర్రగా. నేను ఇసుకతో, చెమటతో నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాను. సగం ట్యాంకు, కుక్కరు, సెలైన్ బాటిల్, ఆమెన్, అన్నీ. ఆయన ఒకసారి వాచీ వైపు, ఒకసారి ఓడ వైపు చూశారు.

"నూనె లేక కన్యకలు బయట ఉండిపోయారని నలభై ఏళ్లు పిల్లలకు చెప్పాను" అన్నారు చివరికి. "నూనె లేక పెండ్లికొడుకే దారిలో ఆగిపోవడం ఇదే వినడం. లోపలికి రండి. తలుపు ఇంకా వేయలేదు."

ప్రార్థన ఆయనే చేశారు, రెండే మాటలు. ఉంగరం తొడిగాను. ఆయన కోసం చెప్పిన టాక్సీ రాకపోతే ఓడలోనే విమానాశ్రయానికి తీసుకెళ్లాం. దారిలో ఆయన, మావయ్య పక్కపక్కన కూర్చుని ఏసీ కట్టేసి, టైర్లలో గాలి గురించి మాట్లాడుకోవడం వినిపించింది. నా మిగతా జీవితం ఎలా ఉండబోతోందో నాకప్పుడే అర్థమైంది.

ఇప్పుడు ఆ దారి వెడల్పయింది, బంకులు పెరిగాయి. మావయ్య, అత్తయ్య నర్సాపురంలో స్థిరపడ్డారు. ఓడ మాత్రం ఇక్కడే, అల్ సువైక్‌లో తెలిసిన ఒక పెద్దాయన ఖర్జూర తోటలో, కాపలావాళ్ల గదిగా నిలబడి ఉంది. ఈ మధ్య అటు వెళ్లినప్పుడు చూశాను. వైరు లాగి లైటు పెట్టారు, కిటికీకి గోనె కట్టారు, నీడన మేకలు పడుకుని ఉన్నాయి. చుక్క పెట్రోలు తాగదు. మావయ్య జీవితమంతా వెతికిన మైలేజీ చివరికి దానికి దొరికింది. తోట ముందు కారులో కూర్చునే, వీడియో కాల్‌లో ఆయనకు చూపించాను. ముసలాయన ఫోను కళ్ల దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. 

"టైర్లలో గాలి చూశావురా?"

కారులో నా పక్క సీట్లోంచి మా ఆవిడ పకపకా నవ్వింది. దారంతా నేను ఏసీ తగ్గిస్తుంటే తను పెంచుతూ వచ్చిందిలెండి.

"చూశాను మావయ్యా" అన్నాను. ఆయన్ని సంతోషపెట్టడానికి చెప్పిన మాట కాదది. గేజీ నా జేబులోనే ఉంది.