ఎర్ర జెండా దగ్గర నలభై నిమిషాలు

మా క్వార్టర్‌లో గోడ గడియారం ఉండేది కానీ దాన్ని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మధ్యాహ్నం మూడు దాటాక ఓపెన్ కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగేది. కిటికీ రెక్కలు గలగలమని, షెల్ఫు మీది గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుని, గోడ మీది పాత పగులు ఇంకో వెంట్రుకవాసి పొడుగయ్యేది. అప్పుడు అమ్మ చాయ్ పెట్టేది. నేను ఫిజిక్స్ పుస్తకం మూసి కెమిస్ట్రీ తెరిచేదాన్ని.

ఆ చప్పుడు చేసేవాళ్ళలో మా బాపు ఒకడు. బ్లాస్టింగ్ గ్యాంగులో పని. రాతిలో తొలిచిన రంధ్రాల్లో మందు కూరడం, తీగలు కలపడం, దానికంటే ముందు చుట్టుపక్కల దారులన్నిటి మీదా మనుషుల్ని, బండ్లను ఆపించడం. ఇరవై ఏళ్ళుగా రోజూ మందుతోనే ఉన్నాడు కానీ చుక్క ముట్టిన మనిషి కాదు. ఈ మాట మా కాలనీలో మొదట ఎవరు అన్నారో తెలియదు, నేను మాత్రం నాదిగా చెప్పుకునేదాన్ని.

ఇంటర్ రెండో ఏడాదంతా నేను ఎంసెట్‌కు చదివాను. దాని పేరు మార్చి కొన్నేళ్ళయింది, మా దగ్గర ఇంకా ఎంసెట్ అనే అంటారు. ఏ పేరుతో పిలిచినా అది నాకు సెట్ కాలేదు. బొగ్గు మీద పుట్టి పెరిగిన పిల్ల కార్బన్ సమ్మేళనాల దగ్గరే తడబడటం ఏమిటని మా కెమిస్ట్రీ సార్ బాధపడేవారు. ఫిజిక్స్‌లో ఘర్షణ పాఠం దగ్గర ఆగినదాన్ని ఆగినట్టే ఉండిపోయాను. మాక్ టెస్టులో నూట అరవైకి డెబ్బై దాటిన రోజున అమ్మ చేసిన పప్పు కూడా కోడికూరలా అనిపించేది.

ర్యాంకు రాకపోతే హైదరాబాద్‌లో లాంగ్ టర్మ్ హాస్టల్‌లో వేయండని చుట్టాలు సలహా ఇచ్చారు. ఇంకో ఏడాది ఇవే పుస్తకాలు మళ్ళీ చదవడం నా వల్ల కాదని, ఒక్కసారే రాస్తానని, రాకపోతే ఇక్కడే డిగ్రీలో చేరిపోతానని ఇంట్లో ముందే చెప్పేశాను. చెప్పినప్పుడు చాలా ధైర్యంగా అనిపించింది. హాల్ టికెట్ చేతికొచ్చాక ఆ ‘ఒక్కసారే’ని మింగలేక కక్కలేక తిరిగాను.

పరీక్ష మధ్యాహ్నం మూడు గంటలకు. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరని లావు అక్షరాల్లో రాసి ఉంది. సెంటర్ గనికి అవతల ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీ. అక్కడికి రెండు దారులు. మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి పోతుంది, దాని నిండా బొగ్గు లారీలు. రెండోది గని అంచున మట్టిగుట్టల పక్క నుంచి పోయే అడ్డదారి. అమ్మ మెయిన్ రోడ్డు మీదికెల్లి పొమ్మంది. బాపు ఒప్పుకోలేదు.

“మెయిన్ రోడ్డుకు టైం లేదు. ఏ లారీ ఎప్పుడు అడ్డం పడ్తదో ఎవలకు తెల్వది. గనికి టైం ఉంటది. మూడు దాటందే బ్లాస్టింగ్ గాదు, గప్పటికి ఇది లోపల కూసోని రాస్తుంటది.”

గని సంగతి ఆయనకు చెప్పేంతటి వాళ్ళు మా ఇంట్లో ఎవరున్నారు? అమ్మ ఊరుకుంది. బాపు ముందు రోజే ఆ దారిలో బండి మీద పోయి, చేతి గడియారం చూసుకుని వచ్చాడు. ముప్పై అయిదు నిమిషాలు. ఒంటిగంట నలభైకి బయలుదేరితే రెండుంబావుకు గేటు దగ్గర ఉంటాం. ఇంకా ముందే పోదామంటే, ఎండలో నిలబడితే చదివింది ఆవిరైపోతుందన్నాడు. నేను చదివినంతకు అంత ఎండ కూడా అక్కర్లేదని మనసులో అనుకున్నాను.

ఆ రోజు బాపు సెలవు పెట్టాడు. మేం బయటికి వచ్చేసరికి గోదావరి వైపు మబ్బు పట్టి ఉంది. ఎండ తగ్గిందని నేను సంతోషపడ్డాను. బాపు ఆకాశం వైపు చూసి ఏదో అనబోయి ఆగాడు, బండి స్టార్ట్ చేశాడు. కాలనీ దాటి మట్టిగుట్టల పక్కకు మళ్ళేసరికి దూరంగా ఒక ఉరుము. ఆ తర్వాత మలుపులో రోడ్డుకు అడ్డంగా తాడు, తాడు దగ్గర ఎర్ర జెండా పట్టుకుని ఒక కాంట్రాక్టు కార్మికుడు. పాతికేళ్ళుంటాయి. బాపును చూసి జెండా దించకుండానే నమస్తే పెట్టాడు.

“మబ్బు పట్టింది గదా కాక, జల్ది ఏసేద్దామన్నరు. పది నిమిషాలే.”

మందు కూరి తీగలు కలిపాక పిడుగు పడితే అది ఎవరూ పేల్చకుండానే పేలిపోవచ్చు. అందుకని ఉరుము వినిపిస్తే మూడు దాకా ఆగరు, లోపలి వాళ్ళను బయటికి పంపించి వెంటనే పేల్చేస్తారు. ఈ సంగతి నాకు తెలుసు, అమ్మకు తెలుసు. గనికి టైం ఉంటదని చెప్పిన మనిషికి మా ఇద్దరికంటే బాగా తెలుసు.

“నేనున్నా గిదే జేద్దును” అన్నాడు బాపు, జెండా వైపు చూస్తూ.

అప్పుడు టైం ఒకటీ యాభై అయిదు. వెనక్కి తిరిగి మెయిన్ రోడ్డు పట్టుకుంటే, లారీలు కరుణిస్తే, రెండూ యాభైకి చేరొచ్చు. పది నిమిషాలు ఇక్కడే ఆగితే రెండూ ఇరవై అయిదుకే చేరొచ్చు. ఎవరైనా ఆగుతారు. ఆగాం. పది నిమిషాలు అయింది. ఇంకో అయిదు అయింది. ఆ జెండా అన్న చేతిలోని వాకీటాకీ గరగరమంది. ఎక్కడో ఒక తీగ కలవలేదట, మళ్ళీ చెక్ చేస్తున్నారట. ఇప్పుడు వెనక్కి పోతే మూడు దాటుతుంది. ఇటు ఒక్క నిమిషం ముందు పోనివ్వని రూలు, అటు ఒక్క నిమిషం వెనక రానివ్వని రూలు. రెంటి మధ్యా ఏడాది పాటు చదివిన నేను, పారదర్శకమైన నీళ్ళ సీసాతో.

రెండుంబావు. బాపు బండి మీద నుంచి దిగలేదు, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. నేను సూత్రాలు గుర్తు చేసుకోబోతే ఒక్కటీ రాలేదు. రెండూ ఇరవైకి నేను హాల్ టికెట్ తీసి మళ్ళీ మళ్ళీ చూసుకోవడం చూసి కాబోలు, జెండా పట్టుకున్న అన్న దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

“సైరన్ ఇంక కొట్టలే కాక. బండి మీద రెండు నిమిషాల పని. చెల్లె పరీక్ష గదా. నేను అటు మొకం తిప్పుకుంట, పో.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. బాపు మాత్రం అతని వైపు మెల్లగా తిరిగాడు.

“నువ్వు మొకం తిప్పుకుంటె రాయి తిప్పుకుంటదా?”

“సైరన్ కొట్టలే అంటున్న...”

“గీ జెండా నీకు పట్టుడు నేర్పిందెవలు?”

అతను తాడు దగ్గరికి పోయి నిలబడ్డాడు. నేను బాపు చొక్కా వెనక నుంచి పట్టుకున్నాను.

“బాపు, పోదాం. ఆయన పొమ్మంటుండు గదా. నాకు ఇదొక్కటే పరీక్ష.”

“ఆయన అనద్దు. నేను ఇనద్దు.”

అంతే. ఆ క్షణంలో ఆయన మీద నాకు వచ్చిన కోపాన్ని ఇప్పుడు తగ్గించి రాయలేను. ఈయనకు కూతురి కంటే ఒక గుడ్డ ముక్క ఎక్కువైందనుకున్నాను. ఆ చొక్కా వదిలేసి, వెనక సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. సైరన్ మోగలేదు. రెండు నిమిషాలు గడిచాయి, ఇంకా మోగలేదు. ఆ రెండు నిమిషాల్లో మేం అవతలికి చేరిపోయేవాళ్ళమని లెక్క కట్టుకుంటూ కూర్చున్నాను. ఆ పూట నాకు తప్పు రాని లెక్క అదొక్కటే.

రెండూ ఇరవై ఎనిమిదికి సైరన్ మోగింది. ఇంకో మూడు నిమిషాలకు ముందు నేల కదిలింది, తర్వాత చప్పుడు వచ్చింది. గుట్టల వెనక నుంచి బూడిద రంగు దుమ్ము లేచి మా మీదికి వచ్చింది. నేను చున్నీతో ముక్కు మూసుకున్నాను. దుమ్ము పోయాక చూస్తే రోడ్డు మీద ఒక్క రాయి కూడా లేదు. ఇది దాచకుండా రాయాలి. ఒక్కటి పడి ఉన్నా బాపు గెలిచేవాడు, నాకు ఈ పేజీ తేలికయ్యేది.

పేలకుండా మిగిలినవి ఏమైనా ఉన్నాయేమో లోపల చూసి చెప్పే దాకా జెండా దించరు. రెండూ ముప్పై అయిదుకు దించారు. మొత్తం నలభై నిమిషాలు. తాడు నేల మీద పడీ పడకముందే బాపు బండి దాని మీదుగా పోయింది. ఆయన అంత వేగంగా నడపడం నేను ఎప్పుడూ చూడలేదు. గుంతలకు నేను రెండుసార్లు సీటు వదిలి లేచాను.

గేటు దగ్గరికి రెండూ యాభై రెండుకు చేరాం. నేను పరిగెత్తాను. లోపల వేలిముద్ర తీసుకునే మిషన్ నా బొటనవేలిని గుర్తు పట్టలేదు. దుమ్ము, చెమట కలిసి వేలి మీద గీతలు పూడిపోయాయి. రెండోసారీ పట్టలేదు. వేలిముద్ర పడదని అమ్మ మా పెద్దనాన్న బిడ్డ పెళ్ళిలో నన్ను గోరింటాకు కూడా పెట్టుకోనివ్వలేదు. ఇప్పుడు ఊరి దుమ్మే గోరింటాకు పెట్టి పంపింది. అక్కడున్న మేడం నా మొహం, హాల్ టికెట్ మీది ఫోటో మార్చి మార్చి చూసి, కడుక్కుని రమ్మంది. నల్లా ఎక్కడుందని కూడా అడగకుండా సీసాలోని నీళ్ళు చేతి మీద పోసుకున్నాను. మూడోసారికి పడింది. నేను మెట్లు ఎక్కుతుంటే వెనక గేటు మూసిన చప్పుడు వినిపించింది. ఎవరో బయట బతిమాలుతున్నారు. తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

మొదటి పావుగంట స్క్రీన్ మీద ప్రశ్నలు చదివాను కానీ అర్థం కాలేదు. చెవుల్లో ఇంకా గుయ్యిమంటోంది. తర్వాత ఒక ప్రశ్న తెలిసింది, దాని పక్కది తెలిసింది. గాలిలోకి విసిరిన రాయి ఎంత దూరం పోతుందనే ప్రశ్న వచ్చిందా అని ఈ సంగతి విన్నవాళ్ళు అడుగుతారు. రాలేదు. కార్బన్ వచ్చింది, ఎప్పటిలాగే వదిలేశాను. వచ్చిన ర్యాంకు సీటుకు సరిపోయింది, గొప్ప చెప్పుకోవడానికి సరిపోలేదు.

ఆరు దాటాక బయటికి వచ్చాను. బాపు సైకిల్ స్టాండు రేకుల కింద నిలబడి ఉన్నాడు. కనుబొమల మీద దుమ్ము అలాగే ఉంది. ఎలా రాశావని అడగలేదు. ఎక్కడో కొన్న నీళ్ళ సీసా ఇచ్చాడు. సగం తాగి అడిగాను.

“గేటు మూస్తే ఏం జేస్తుంటివి?”

“ఏం జేస్త. ఇంటికి తీస్కపోదును. నువ్వు నాతోని మాట్లాడకపోదువు.”

ఆయన బండి తాళం చేతిలో కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

“నేనొక్కన్నే ఉంటె పోదునేమో బిడ్డ. ఇన్నేండ్లల్ల నాకు గట్ల ఎన్నడు అనిపియ్యలే. ఇయ్యాల అనిపిచ్చింది. గానీ నువ్వు ఎనుక కూసున్నవ్.”

కోపం పోయిందని చెప్పలేను. కొంత ఉంది, ఎవరి మీద ఉండాలో దానికే తెలియలేదు. సీసాలో ఇంకా సగం నీళ్ళున్నాయి. ఆయన పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి, మధ్యాహ్నం నుంచి ఏమీ తాగినట్టు లేదు. మూత తీసి సీసా ఆయనకే ఇచ్చాను.