పెరుగు మొక్కు, గాలి లేని టైర్లు

ఆ ఏడు కార్తీకంలో భజన ఆడవాళ్ళంతా సైకిళ్ళ మీద ఎర్రకొండకు పోతున్నారన్న కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా పక్కింటి సుభాన్ బీ. చేతులకు పిండి అంటుకునే ఉంది. రొట్టెను పెనం మీద వదిలేసి పరుగెత్తుకొచ్చింది పాపం. ఆ రొట్టె మాడిపోయింది. ఆ కబురు పట్టుకుని నేను చేసిన నిర్వాకం ముందు మాడిన రొట్టె ఒక లెక్కా? ముందే చెబుతున్నాను, ఇది కొన్నేళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు ధైర్యం ఎక్కువ, తెలిసింది తక్కువ. ఇంతవరకూ నడుం విరక్కుండా కాపాడిన ఎర్రకొండ నరసింహస్వామికి దండం పెట్టుకుని మొదలుపెడతాను.

"ఓబులక్కా, మీ అత్త మొక్కు తీరే దావ దొరికింది! రాజమ్మోళ్ళు సైకిళ్ళేసుకోని కొండకు పోతాండారు. నువ్వూ పో" అంది సుభాన్.

"అంత దూరం నేను తొక్కగలనా సుభాన్?"

"దినామూ పాలకేంద్రానికి తొక్కేదే గదా. అట్లనే తొక్కు. ఎనక్కి తిరిగేది మర్చిపోతే సాలు, కొండ అదే వస్తాది."

మా అత్తమ్మ మొక్కు సంగతి మీకు చెప్పాలి. మా ఆయన ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీ తోలుతాడు. ఆ ఏడు ఎండాకాలంలో లారీ బోల్తా పడింది. దేవుడి దయ, ఆయనకు ఒక చెప్పు తప్ప ఏమీ పోలేదు. కబురు తెలిసిన క్షణంలో అత్తమ్మ మొక్కేసింది: మన బర్రె పెరుగు ఒక కుండ ఎర్రకొండ స్వామి అభిషేకానికి పంపిస్తాను, అంతవరకూ పెరుగూ మజ్జిగా ముట్టను అని. మొక్కు కుండకు మా ఇళ్ళలో కట్టుబాట్లున్నాయి. మోటారు బండి ఎక్కరాదు. దోవలో నేల తాకరాదు. సైకిల్ చక్రం నేల తాకుతుంది కదా అని మీకు అనుమానం రావచ్చు. వచ్చి మా అత్తమ్మను అడగండి, నేను అడగలేదు.

నడిచిపోతే రెండో రోజుకు గానీ చేరం, పెరుగు పులిసిపోతుంది. పైగా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పి. అలా మొక్కు నెలలకొద్దీ నిలబడిపోయింది. మా సీమ ఎండల్లో పెరుగు ముద్ద లేకుండా గడపడమంటే పొయ్యి పక్కన పొయ్యిలా బతకడం. ఆమెకు నోరంతా పూసింది. సంగటి మింగబోతే కళ్ళ నీళ్ళు తిరిగేవి. "ఒక్క గుక్క మజ్జిగ తాగు అత్తమ్మా, స్వామి ఏమీ అనుకోడు" అంటే, "ఆయన అనుకోడు. నేను అనుకుంటా" అనేది. కాబట్టి నేను కొండకు పోవడమంటే సరదా కాదు. ఒక ముసలి నోరు నా చక్రాల మీద ఆధారపడి ఉంది.

ఆ చక్రాలా, పాలక్యాన్లు మోసి మోసి గుండులా నున్నగా అయిపోయాయి. కొత్త టైర్లు కావాలి. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, చదివించినవన్నీ పారాయణ పుస్తకాలే. ఆయన పెట్టిన భిక్ష అది. వాటిలో రథాలు బోలెడున్నాయి గానీ, ఏ రథానికి ఏ టైరు మేలో ఒక్కచోటా లేదు. అందుకని రాజమ్మను వెంటబెట్టుకుని డోన్ పోయాను. రాజమ్మ నాకు వరసకు మరదలు. అంగన్‌వాడీలో పని, రోజూ రెండు ఊళ్ళు సైకిల్ మీదే తిరుగుతుంది.

సైకిల్ షాపాయన మూడు రకాలు ముందర పెట్టాడు. ఒకటి సన్నది, వేగంగా పోయే కుర్రాళ్ళది. రెండోది వెడల్పుది, పైన గళ్ళు గళ్ళుగా పట్టు, లోపల ముల్లు దిగకుండా మందపాటి పొర. మూడోది నల్లగా, బరువుగా, నిండా రబ్బరే. గాలి పనే లేదు.

"దూరం పోయేదానికి ఈ వెడల్పుది మేలమ్మా. మెత్తగా పోతాది, శానా దినాలు మన్నుతాది" అన్నాడాయన.

"నేను వాడేది అదే వదినా. గాలి మాత్రం రాయి మాదిరి కొట్టించొద్దు. కొంచెం తగ్గిస్తే గుంత అది మింగుతాది, మన నడుం మింగదు" అంది రాజమ్మ.

నేను మూడింటినీ వంకాయలు ఏరినట్టు బొటనవేలితో నొక్కి చూశాను. రెండు లోపలికి పోయాయి. మూడోది నా వేలినే వెనక్కి తోసింది. ఆహా, ఇదీ గట్టిదనమంటే!

"దీనికి పంచరు పడదా?" అన్నాను.

"గాలే లేదు గదమ్మా, పంచరు యాడ పడతాది? అయితే..."

ఆ 'అయితే' తర్వాత ఆయన చెప్పిందేదీ నా చెవికి ఎక్కలేదు. మనసులో లెక్క పరుగెత్తుతోంది. దోవ పొడుగునా కంపచెట్లు. ముల్లు గుచ్చుకుంటే పంచరు. పంచరైతే సైకిల్ బోర్లించాలి. సైకిల్ బోర్లిస్తే కుండ దించాలి. కుండ దించితే మొక్కు చెడుతుంది, అత్తమ్మ నోరు పూసే ఉంటుంది. అదే గాలి లేకపోతే? అన్నీ క్షేమం! నా తెలివికి నేనే మురిసిపోతూ స్వామిని తలుచుకున్నాను. అప్పుడే బయట గణగణమని గంట మోగింది.

"చూసినావా రాజమ్మా! స్వామి ఒప్పుకున్నాడు."

"అది పీచుమిఠాయి బండి వదినా."

"ఏ బండైతే ఏం, మోగించింది స్వామే గదా" అని గాలి లేని జత ఎక్కించుకుని ఇంటికొచ్చాను. దోవలో నడుం కొంచెం పట్టినట్టనిపించింది. కొత్తది గదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. కొత్త కోడలికి చెప్పే మాట టైరుకు చెప్పుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

పోయేరోజు తెల్లవారక ముందే లేచి, మీగడ కట్టిన పెరుగు కుండకు పసుపు రాసి, మూతికి గుడ్డ కట్టి, వేడెక్కకుండా చుట్టూ తడిగుడ్డ చుట్టాను. కుదుపుకు ఒలకకుండా కుండ కొంచెం వెలితిగా కూడా ఉంచాను. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నదాన్ని, ఏదో ఒకటి తప్పకుండా జరిగి తీరాలి గదా! అత్తమ్మ కుండను తన చేత్తో క్యారియరు మీద కట్టించింది.

"జాగర్త పాపా. అది పెరుగు గాదు, నా మాట" అంది. కట్టిన ముడి ఇంకోసారి లాగి చూసుకున్నాను.

ఊరు దాటాక తారురోడ్డు అయిపోయింది. ముందర అంతా కంకర పరిచి, దాన్ని తొక్కించడం మర్చిపోయిన రోడ్డు. అక్కడ మొదలైంది నా అభిషేకం. ప్రతి రాయీ నేరుగా నా వెన్నుపూసకు వచ్చి పేరు చెప్పుకుని పోయింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. కళ్ళ ముందు ఒక రాజమ్మ పోతుంటే నాకు ముగ్గురు రాజమ్మలు కనబడుతున్నారు. నామం చెప్పుకుందామంటే "న-న-నర-ర-సిం-సింహా" అని వస్తోంది. ఒక్కసారి అంటే స్వామి మూడుసార్లు జమ వేసుకుని ఉంటాడు, ఆ లాభం మాత్రం కాదనను. నా గాజుల మోతకు ముందర పోతున్న పెద్దాయన ఎద్దులబండి వస్తోందనుకుని చేలోకి తప్పుకున్నాడు.

"ఎట్లుండాది వదినా?" అని అరిచింది రాజమ్మ.

"బా-బా-బాగుం-డా-ది!"

ఇంతలో కంపచెట్లు నరికి రోడ్డుకు అడ్డంగా లాగిన తావు వచ్చింది. ముందు పోయిన ఇద్దరికి పంచర్లు. రాజమ్మ దిగి, తన వెడల్పు టైరులో దిగిన ముల్లు గోటితో లాగి పారేసి, మళ్ళీ ఎక్కింది. లోపలి పొర కాపాడింది. నేనేం చేశాను? దిగకుండా, కావాలనే, ముళ్ళ మీదికే పోనిచ్చాను. ఒక్కసారి కాదు, వెనక్కి తిరిగొచ్చి మళ్ళీ పోనిచ్చాను. టైరుకు చీమ కుట్టినట్టయినా లేదు.

"చూస్తాండారా? ఇదీ టైరంటే!" అని అందరికీ వినబడేలా అన్నాను. ఇంత గర్వం నాలో యాడ దాక్కుందో నాకే తెలియదు.

రాజమ్మ మాత్రం నా వెనక చెవి పెట్టింది. "వదినా, నీ కుండ ఏందో మాట్లాడతాండాది."

నిజమే. పొద్దున గుడుగుడుమన్నది ఇప్పుడు చబుక్ చబుక్ అంటోంది.

"భజన చేస్తాండాదిలే" అన్నాను.

"సరిపాయ. గురువు నువ్వే అయింటావు."

కొండ కింద సైకిళ్ళు పెట్టి, కుండ నెత్తిన పెట్టుకున్నాను. ఆగినా నా ఒళ్ళు ఇంకా ఆగలేదు, మెట్లు కూడా వణుకుతున్నట్టే ఉంది. పైన పూజారయ్య కుండ అందుకున్నాడు.

"ఏమి తెచ్చినావు తల్లీ?"

"పెరుగు స్వామీ. అభిషేకానికి. మా అత్తమ్మ మొక్కు."

ఆయన గుడ్డ విప్పాడు. లోపలికి చూశాడు. నా మొహం చూశాడు. మళ్ళీ లోపలికి చూశాడు.

"పెరుగు యాడుండాదమ్మా?"

తొంగి చూద్దును గదా, పల్చని మజ్జిగ. దాని నడుమ తెల్లగా, గుండ్రంగా, చిన్న కొబ్బరికాయంత వెన్నముద్ద. పెరుగన్నది పేరుకైనా లేదు.

"ఇంటికాడ్నే చిలుక్కోని వచ్చేదానివి గదా, ఇంత దూరం మోసే పని లేకుండా" అన్నాడాయన. వెనక వరసలో జనం నవ్వు. నాకు నవ్వు రాలేదు. పూసిన నోటితో ఇంట్లో కూర్చున్న ముసలామె కళ్ళ ముందు మెదిలి, గుడి అని కూడా చూడకుండా ఏడ్చేశాను. పెరుగే పోశారని అత్తమ్మకు అబద్ధం చెప్పేయొచ్చు, ఇంట్లో ఉన్నామెకు ఎలా తెలుస్తుంది? కానీ కుండలో ఉన్నది ఆమె మాట.

రాజమ్మ తన ఫోను తీసి కలిపింది. అందరికీ వినబడేలా మోగిస్తుంది ఆ ఫోను, దానికి మరో పద్ధతి తెలియదు.

"పోసినారా?" అంది అత్తమ్మ. "నేనీడ గిన్నెలో పెరుగేసుకోని కూచోనుండా."

"అత్తమ్మా... పెరుగు వెన్నయింది."

"ఏమి?"

"వెన్నయింది అత్తమ్మా. దోవలో."

"కుండ కింద పెట్టినావా?"

"లేదు."

"మోటారు బండెక్కినావా?"

"లేదు."

"ఎవురన్నా చెయ్యి పెట్టినారా?"

"ముడి విప్పింది పూజారయ్యే."

"మరెవురు చిలికినారు?"

"టైర్లు" అన్నాను నేలకేసి చూస్తూ.

పూజారయ్యకు జాలేసి ఫోను దగ్గరికి వంగాడు. "అమ్మా, నీ కోడలిని ఏమీ అనొద్దు. పాపం, ఆమే చిలుక్కోని వచ్చింది."

"నా కోడలా!" అంది అత్తమ్మ. గుడి మండపమంతా మోగింది. "పెండ్లయినప్పట్నుంచి చూస్తాండా స్వామీ. ఆ పిల్ల కవ్వం పట్టుకుంటే గోడకు మజ్జిగ, నేలకు మజ్జిగ, ఎనుము మొగానికి గూడా మజ్జిగ. వెన్న మటుకు ఒక్కనాడూ పల్లేదు. ఆమె చేతుల మీద వెన్న పడిందంటే అది మనుషుల పని గాదు. పెరుగు స్వామి దోవలోనే తీసుకున్నాడు, తనకు కావల్సినట్టు చేసుకున్నాడు. నా మొక్కు తీరింది. నేను తింటాండా!"

ఆ వెంటనే ఫోనులోంచి, కొండ మీద అందరూ వింటుండగా, ముద్ద కలిపి జుర్రుకున్న చప్పుడు వచ్చింది. నెలల తర్వాతి మొదటి ముద్ద. అంత కమ్మని భజన నేను మళ్ళీ వినలేదు. వెన్న స్వామి ఎదకు పూశారు, మజ్జిగ మెట్లెక్కి వచ్చినవాళ్ళ దాహం తీర్చింది. నా పరువు సంగతి ఎవరూ అడగలేదు, నేనూ వెతకలేదు.

ఇంటికొచ్చి టైర్లు మార్పిద్దామంటే అత్తమ్మ అడ్డుపడింది. "తియ్యొద్దు. పొద్దున్నే కుండ కట్టుకోని పాలకేంద్రం దాకా పోయిరా. ఇంట్లో కవ్వం పని తప్పుతాది."

కాబట్టి ఎర్రకొండ స్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ప్రాణం పోయినా, ముళ్ళకు భయపడి నా వెన్నెముకను తాకట్టు పెట్టను. దూరం పోవాలంటే వెడల్పాటి టైరే, లోపల మందం పొరే, గాలి తగుమాత్రమే. పెరుగు కావాలంటే పెరుగు, వెన్న కావాలంటే వెన్న. రెండింటి నడుమ నా నడుం పెట్టను.

చివరిగా ఒక్క కోరిక. ఆరోజు కొండ దిగాక, నేను అడక్కముందే, రాజమ్మ తన మెత్తటి సైకిల్ నా చేతికిచ్చి నా సైకిల్ ఎక్కింది. ఆ కంకరంతా నోరు మెదపకుండా తొక్కి, ఇంటికి చేరి, మూడు రోజులు నిలబడే అన్నం తింది. ఇంతవరకూ ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఈసారి మీరు దేవుడికి దీపం పెట్టినప్పుడు, మీ వాళ్ళందరి పేర్లూ చెప్పుకున్నాక, మా రాజమ్మను ఒక్కసారి తలుచుకోండి. ముఖ్యంగా ఆమె నడుమును.