శౌరి గోళీలు

నూజివీడులో ఫొటో స్టూడియో నడిపే శౌరికి గాలంటే పడదు. తను పీల్చే గాలితో పేచీ లేదు. ఫిల్ము కడిగే మందు సగం నిండిన సీసాలో, మూత కింద ఖాళీలో తిష్ఠవేసే గాలితోనే ఆయన వైరమంతా.

"గాలి తగిలితే డెవలపర్ టీ రంగుకి తిరుగుద్ది, లీదియా. ఇంక అందులో రీలు కడిగితే బొమ్మ రాదు," అని పెళ్లయిన వారానికే భార్యకు చెప్పాడు. కొత్త మొగుళ్లు మామూలుగా ఏం మాట్లాడతారో లీదియాకు తెలియకుండానే పోయింది.

దానికి విరుగుడు గోళీలు. సీసాలో కాస్త తగ్గగానే, పిల్లలాడుకునే గాజు గోళీలు కడిగి ఒక్కొక్కటే జారవిడిచేవాడు. డెవలపర్ మూతిదాకా లేచి గాలికి చోటు లేదనిపించాక మూత బిగించి తేదీ రాసేవాడు. ఊళ్లో ఏ కొట్లో గోళీలడిగినా "శౌరి గారు పట్టుకెళ్లారండీ" అనేవారు.

నిరుడు ఆవకాయ జాడీ సగానికి రాగానే అందులోనూ వేశాడు. ఆదివారం భోజనానికొచ్చిన ఫాదర్ గారు టెంక అనుకుని ఒకటి గట్టిగా కొరికారు. "ఈసారి కాయ బాగా ముదిరిందమ్మా," అన్నారు, పాపం మర్యాదస్తుడు. లీదియా ఆ గోళీలన్నీ ఏరి ఒక డబ్బాలో దాచేసింది.

అందరూ ఫోన్లలో ఫొటోలు తీసుకునే ఈ రోజుల్లో రీలు పట్టుకుని ఎవరొస్తారు? ఈయన మాత్రం వారం వారం ఫిల్ము ముక్క వేసి పరీక్షించడం, రెండు నెలలకోసారి మిగిలింది పారబోసి కొత్తది కలపడం. ఈ వేసవిలో లీదియా బడి నుంచి రిటైరై ఆవకాయ ఆర్డర్లు మొదలుపెట్టింది. నలభై జాడీలకు ఇంట్లో చోటున్నది ఆయన రీళ్లు కడిగే చీకటి గదిలోనే.

"సోమవారానికి ఆ డార్క్‌రూమ్ ఖాళీ చెయ్యండి," అని తేల్చి చెప్పింది. శౌరి సీసాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆవిడకు జాలేసింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

శుక్రవారం ఆగిరిపల్లి నుంచి తులసమ్మ అనే పెద్దావిడ ఆటో దిగింది. ఎనభై దాటి ఉంటాయి. మెడలో పాత కెమెరా.

"ఈయేడు పూతా కాయా అన్నీ తీశాను, శౌరీ. రీలు అయిపోయింది."

"ఫోన్లో తీసుకోవచ్చుగా, పిన్నిగారూ?" అంది లీదియా.

"అందులో వేలు తగిలితే పోద్దమ్మా. మా ఆయన నాటిన మామిడి చెట్లు. ఏటా తీస్తాను." ఆవిడ శౌరి వైపు తిరిగింది. "నా ఒక్కదాని కోసమే ఈ గది అట్టిపెట్టావా ఏంటి, నాయనా? అట్టయితే ఇదే ఆఖరు."

అబద్ధం చేతకాని శౌరి గబగబా కెమెరా అందుకుని రీలు చుట్టడంలో పడ్డాడు. లీదియాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది.

"ఒక్కరేంటి పిన్నిగారూ, వస్తూనే ఉంటారు. ఈయనకి తీరికుంటేనా?" అంది.

ఆటో వెళ్లాక అడిగింది. "నాతో ముందే చెప్పొచ్చుగా?"

"ఏడాదికి ఒక్క రీలంటే నవ్వుతావని. ఆవిడ ఏ రోజొస్తదో తెలీదు. వచ్చిన రోజు డెవలపర్ పాడైపోయి ఉంటే, ఆ ఏడు కాపు మళ్లీ చూసుకోలేదుగా."

లీదియాకు మొగుడు ముద్దొచ్చాడు. జాడీలన్నీ మంచాల కిందకు చేరాయి.

సోమవారం పొద్దున్నే డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మీ గోళీలు. మూడుసార్లు కడిగాను."

శౌరి ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఆవపిండి వాసన ఇంకా ఉంది, లీదియా."

"నాలుగోసారి మీరు కడగండి," అని తువ్వాలు తీసుకుని, తుడవడానికి పక్కనే కూర్చుంది.